అంచున ఈదిన ఎర్రచేపలు

కళ్లజోళ్ల షాపులో మనిషి మారాడు. చెప్పులు మారలేదు.

బాబాయ్ కౌంటర్ మీద తన జోడు పెట్టి, "ముక్కు దగ్గర కాస్త వదులైంది, బిగించి ఇస్తారా?" అని అడిగాడు. అది కోడ్. దానికి జవాబు, "జోడు బాగానే ఉంది, మీరే చిక్కిపోయారు" అని రావాలి. తెల్లకోటు వేసుకున్న కొత్త మనిషి తడుముకోకుండా ఆ మాటే అన్నాడు. చివర్లో ఓ నవ్వు కూడా కలిపాడు.

"పెద్దాయన లేరా?"

"ఊరెళ్లారండి. వచ్చేదాకా నేనే."

కౌంటర్ వెనక సగం తెర కింద పెద్దాయన తోలు చెప్పులున్నాయి. ఎడమ మడమ అరిగి, పక్కపక్కనే బుద్ధిగా. షాపులోనూ వీధిలోనూ ఆయనకి అవే చెప్పులు. చెప్పులు వదిలేసి కాళ్లతో ఊరెళ్లే మనిషిని బాబాయ్ ఇంతవరకూ చూడలేదు. పైగా వాన లేని మధ్యాహ్నం వేళ షాపు నేలంతా తడి, ఆ తడి నిండా ఫినాయిల్ వాసన.

కొత్త మనిషి స్క్రూ బిగించి ఇచ్చాడు. బాబాయ్ జోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "హమ్మయ్య, ఇప్పుడు లోకం నిలబడింది" అని చెప్పి బయటికొచ్చాడు. వీధి మలుపు తిరిగేదాకా మామూలుగా నడిచాడు. మలుపు తిరిగాక కూడా మామూలుగానే నడిచాడు. కంగారుపడటానికి వాళ్ల శాఖలో అలవెన్స్ ఇవ్వరు.

ఆ శాఖలో అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. ఎవరైనా దొంగతనంగా ఫోన్ విన్నా ఏదో ఇంటి గోల అనుకుని విసుగొచ్చి పెట్టేయాలని ఒక తెలివైనవాడు పెట్టిన పద్ధతి. పై అధికారి పెద్దమ్మ. వయసులో ఇతనికన్నా బాగా చిన్నది. పరికరాలు పార్సిల్లో పంపే ఆయన వియ్యంకుడు. ఏది అడిగినా ముందు లేదంటాడు, తర్వాత బాధపడుతూ ఇస్తాడు. ఆయన ఇచ్చిన పెన్ను ఫోటోలు తీస్తుంది గానీ రాయదు. ఇతను బాబాయ్. ఇంతమంది చుట్టాలున్న మనిషి ఆ వీధి మొత్తంలో ఇంకొకడుండడు. వాళ్లలో ఏ ఒక్కరి మొహమూ అతను చూడలేదు, అంతే తేడా.

కళ్లజోళ్ల షాపు పెద్దాయన ఒక్కడే మినహాయింపు. నెలకోసారి జోడు బిగించుకోవడానికి వెళ్తే, కోడ్ అయ్యాక ఆయన కాసేపు ఏదో ఒకటి మాట్లాడేవాడు. మోకాళ్ల నొప్పి గురించి, అద్దాల ధరల గురించి. బాబాయ్ జోడు అన్నిసార్లు వదులయ్యేది కాదు.

గది మూడో అంతస్తులో. తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే "వచ్చేశా" అన్నాడు. లోపల ఎవరో ఉన్నట్టు వినిపించాలని ట్రైనింగ్‌లో నేర్పిన అలవాటు. ఎవరికి వినిపించాలో ఇప్పుడతనికి గుర్తులేదు. గదిలో ఒక టేబుల్, కంప్యూటర్, మంచం, రెండు కుర్చీలు. ఒకే కుర్చీ ఉంటే అనుమానం వస్తుందని రెండోది కొన్నాడు. దాని మీద ఇస్త్రీ చేయాల్సిన చొక్కాలు కూర్చుంటాయి.

కూర్చుని లెక్క వేసుకున్నాడు. పెద్దాయన పోయాడు. ఆయన్ని చంపేముందు కోడ్ మాట రాబట్టారు. ఇంకా ఏమేం రాబట్టారో తెలీదు. ఇవాళ సాయంత్రం అదే షాపుకి మేనకోడలు వస్తుంది. మేనకోడలంటే శాఖలో కొరియర్. చిన్నపిల్లట. ఆమె కళ్లజోడు కాడలో ఆవగింజంత చిప్ ఉంటుంది. అది దొరికితే విదేశీ ముఠా రేడియోలో గుసగుసగా చెప్పుకునేదంతా మన వాళ్లు తీరిగ్గా కూర్చుని వినొచ్చు. షాపులో జోడు ఇచ్చి, అలాంటిదే వేరేది పెట్టుకుని వెళ్లిపోవాలి. ఇప్పుడు ఆమె జోడు ఇవ్వబోయేది తెల్లకోటు వేసుకున్న ఆ నవ్వుకి.

ఆమెని ఆపాలి. ఆపాల్సింది ఇతనే. అందుకే ఇతన్ని ఇక్కడ పెట్టారు.

లోకం దృష్టిలో బాబాయ్ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టారు. ఎక్సెల్‌లో గళ్లు కలపడం ఎలా, వరసలు పేర్చడం ఎలా అని స్క్రీన్ రికార్డ్ చేసి వీడియోలు పెడతాడు. రికార్డ్ చేసిన స్క్రీన్ చుట్టూ ఫోటోకి ఫ్రేమ్ కట్టినట్టు ఓ అంచు వస్తుంది. దానికి ఏ రంగు బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే ఆ రంగు పెట్టుకోవచ్చు. అసలు కబురు ఆ రంగే. బూడిదరంగు అంచు ఉంటే, రా. మెరూన్ అంచు ఉంటే, రావద్దు, పారిపో. మేనకోడలు సాయంత్రం ఐదింటికి బయల్దేరేముందు కొత్త వీడియో చూసి, చూశానన్న గుర్తుగా ఒక లైక్ కొడుతుంది. వీడియో మూలన ఆ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ముద్ర కనిపించాలి. అది లేకపోతే నకిలీ కింద లెక్క. డబ్బు కట్టి కొనివ్వమని మొదట్లో అడిగితే శాఖ ఒప్పుకోలేదు. తర్వాత ఆ పిసినారితనానికే భద్రతా నియమం అని పేరుపెట్టారు.

ఇంకో నియమం కూడా ఉంది: కొత్త వీడియో అర్థం కాకపోయినా, అసలు రాకపోయినా, పాతదే చెల్లు.

పాతది పొద్దున్నే పెట్టాడు. బూడిదరంగు. రా.

బాబాయ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, అంచుకి మెరూన్ ఎంచుకుని, ఓ నిమిషం ఏదో వాగి రికార్డ్ చేసి, వెనక్కి తిప్పి చూశాడు.

అంచులో మెరూన్ లేదు. నీలం నీళ్లున్నాయి. ఆ నీళ్లలో ఎర్రటి చేపలు తోకలూపుకుంటూ ఈదుతున్నాయి. ఒకటి ఎడమ మూల దాకా వెళ్లి ఆగి, అతన్ని చూసి, నోరు తెరిచి, ఒక బుడగ వదిలింది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లాడు. బ్యాక్‌గ్రౌండ్ దగ్గర "కదిలేవి వద్దు" అన్నదానికి టిక్ ఉంది. తీసి మళ్లీ పెట్టాడు. చేపలు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. చేపలు. కంప్యూటర్లో కదిలే బొమ్మలన్నిటినీ ఆఫ్ చేశాడు. మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ నడుస్తోంది గానీ చేపలకి మాత్రం ఏ లోటూ రాలేదు. సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించాడు. సెలవులకి వెళ్లి ఒళ్లుచేసి తిరిగొచ్చినట్టు చేపలు ఇంకాస్త బొద్దుగా కనిపించాయి.

పెద్దమ్మకి చెబుదామంటే, ఆమె ఫోన్ శనివారమే వస్తుంది. ఇవాళ బుధవారం. అత్యవసరమైతే కబురు పంపడానికి ఒకే ఒక దారుంది, అది కళ్లజోళ్ల షాపు. వీధిలో నిలబడి మేనకోడల్ని ఆపుదామంటే ఆమె ఎలా ఉంటుందో తెలీదు. వీధిలో కళ్లజోడు పెట్టుకుని వచ్చే ప్రతి ఆడపిల్లకీ అడ్డం పడితే ముఠాకన్నా ముందు పోలీసులొస్తారు.

చివరికి మామూలు మనుషులు చేసే పనే చేశాడు. "సహాయం" అన్న బటన్ నొక్కాడు. ఉచిత కస్టమర్‌కి సహాయం వచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారని విన్నాడు. నొక్కి చెయ్యి తీసేలోపే కంప్యూటర్ మోగింది.

స్క్రీన్ మీద ఒకావిడ. కాటుక కళ్లు, మెడలో సన్నటి ముత్యాల దండ, హెడ్‌ఫోన్ పెట్టుకున్నా కిరీటం పెట్టుకున్నట్టుంది. సపోర్ట్ వాళ్లు ఇంత ముస్తాబై కూర్చుంటారని అతనికి తెలీదు. వెంటనే చేత్తో జుట్టు సర్దుకుని, ఎందుకు సర్దుకున్నానా అని చిరాకుపడ్డాడు.

"నమస్కారం సార్. చెప్పండి, ఏమైంది?"

"చేపలు," అన్నాడు బాబాయ్.

"చేపలా?"

"నా వీడియో అంచులో ఈదుతున్నాయమ్మా. నేను పెంచలేదు. నాకొద్దు."

ఆవిడ నవ్వింది. "ఇవాళే కొత్తగా పెట్టాం సార్ అందరికీ. అందరూ భలే ఉన్నాయంటున్నారు."

"అయితే నావి కూడా వాళ్లకే ఇచ్చేయండి."

"అలాగే ఇచ్చేద్దాం సార్." అని, ఇంకోసారి నవ్వి, పని మొదలెట్టింది. ఇది నొక్కండి, అది తీయండి, పాత ఫైల్ చెరిపేయండి, ఇది దించుకోండి. బాబాయ్ అన్నీ చేశాడు. దించుకోవడం నత్తనడకన సాగింది. ఈలోగా ఊరుకోవడం ఎందుకన్నట్టు ఆవిడ అడిగింది.

"ఒక్కరే ఉంటారా సార్?"

"చుట్టాలు చాలామంది ఉన్నారు."

"వస్తూపోతూ ఉంటారా?"

"రారు, పోరు. ఉంటారు."

"నాకూ అంతే సార్." ఆ మాట ఆవిడ స్క్రీన్ వైపు చూడకుండా అంది. తర్వాత వెంటనే, "భోంచేశారా?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరైనా అడిగి ఎంత కాలమైందో తవ్వుకుంటూ ఉండిపోయాడు. దానికి జవాబుగా ఏ కోడ్ చెప్పాలో కూడా ఒక క్షణం వెతుక్కున్నాడు.

"లేదు," అన్నాడు.

"అదేంటి సార్, మధ్యాహ్నం దాటిపోయింది. ఇది దిగడానికి ఎలాగూ టైం పడుతుంది. లేవండి, రెండు ముద్దలు తిని రండి. నేను లైన్లోనే ఉంటా."

అతను నిజంగానే లేచాడు. పొద్దున వండి మూతపెట్టిన అన్నం కంచంలో పెట్టుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆవిడ అటు తన పని తను చూసుకుంటోంది. ఏదో టైప్ చేస్తోంది, మధ్యలో ఒకసారి తలెత్తి, "నెమ్మదిగా సార్, ఎవరూ తరమట్లేదు" అంది. ఎదురుగా ఒక మనిషి ఉండగా తినడం ఇంత సులువన్న సంగతి అతను మర్చిపోయాడు. చొక్కాలున్న రెండో కుర్చీ కూడా ఆ కాసేపు కుర్చీలాగే కనిపించింది.

మూడో ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

ఏ కంపెనీ, పైసా కట్టని కస్టమర్ అన్నం తినేదాకా లైన్లో కూర్చుంటుంది?

బటన్ నొక్కగానే మోగింది. ఒక్కసారి కూడా నంబర్ నొక్కమనలేదు, పాట వినిపించలేదు, వేరే విభాగానికి మార్చలేదు. ఏ వెర్షన్ వాడుతున్నారని కూడా అడగలేదు. అడిగింది ఒంటరిగా ఉంటావా అని.

మిగతాదంతా దానంతటదే విప్పుకుంది. పెద్దాయన చనిపోయేముందు కబురు ఎలా వెళ్తుందో చెప్పేసి ఉంటాడు, పాపం. పంపేది ఎవరో ఆయనకే తెలీదు కాబట్టి అది చెప్పలేకపోయాడు; ఆయన లెక్కలో బాబాయ్ నెలకోసారి కోడ్ చెప్పి వెళ్లే మనిషి, అంతే. స్క్రీన్ వీడియోల అంచు రంగుతో అన్నంతవరకే. అందుకని ముఠా సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి చొరబడి అందరి అంచుల్లోనూ చేపల్ని వదిలింది. మామూలు జనం చూసి ముచ్చటపడతారు, లేదా విసుక్కుని ఊరుకుంటారు. అంచు రంగు కోసం, అదీ ఇవాళ సాయంత్రం లోపు, ప్రాణం మీదికొచ్చినట్టు కొట్టుకునేవాడు ఒక్కడే ఉంటాడు. వాడే ఫోన్ చేసి తనని తాను పరిచయం చేసుకుంటాడు. గాలానికి చేపల్నే ఎరగా గుచ్చారు. గుటుక్కున మింగింది బాబాయ్.

ముద్ద మింగాడు. మొహంలో ఏమీ మారకుండా మంచినీళ్లు తాగాడు. లోపల మాత్రం, ఎవరో ఇంట్లో దీపం పెట్టినట్టే పెట్టి ఊదేసినట్టయింది.

"ఎందుకు సార్ ఇంత తొందర? రేపు చూసుకోకూడదా?" అంది ఆవిడ. గొంతు అదే. కానీ ఆమె వెనక గదిలో అప్పటిదాకా వినిపించిన కీబోర్డుల చప్పుడు ఆగింది.

"ఇవాళ్టి పాఠం ఇవాళే చెప్పాలమ్మా. అలవాటు."

"మంచి అలవాటు సార్. మావాళ్లు టెక్నీషియన్లని పంపిస్తున్నారు మీ దగ్గరికి. మూడో అంతస్తే కదా? లిఫ్ట్ లేదుగా, మెట్లెక్కి రావాలి, కాస్త ఆలస్యమవుతుంది పాపం."

అతను అడ్రస్ చెప్పలేదు. అంతస్తు అసలే చెప్పలేదు.

"ఈలోగా ఒక్క జాగ్రత్త సార్." ఆవిడ మొదటిసారి నవ్వు తీసేసి నేరుగా కెమెరాలోకి చూసింది. "నెట్ వైర్ మాత్రం పీకకండి. ఆ చేపలు మీరు రికార్డ్ నొక్కిన ప్రతిసారీ మా దగ్గర్నుంచే దిగుతాయి. వైర్ పీకేసి, బ్యాక్‌గ్రౌండ్స్ ఫోల్డర్ ఖాళీ చేశారనుకోండి, చేపలు రావు, మావాళ్లకి మీ ప్రాబ్లం కనిపించదు. కాబట్టి అలా చేయొద్దు. అర్థమైందా సార్? అలా మాత్రం చేయొద్దు."

లైన్ కట్టయింది.

బాబాయ్ ఖాళీ స్క్రీన్ వైపు చూశాడు. ఇంకాస్త అన్నం కంచంలో మిగిలింది. శత్రువు కుర్చీలో కూర్చుని మిత్రుడి మాట చెప్పిందా? లేక అదో రెండో గాలమా? ఆలోచించడానికి టైం లేదు. వైర్ పీకితే బహుశా తను పోతాడు. పీకకపోతే మేనకోడలు తప్పకుండా పోతుంది.

వైర్ పీకాడు.

ఫోల్డర్‌లో చేపల ఫైల్ ఒకటే ఉంది. చెరిపేశాడు. సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిచి, మెరూన్ ఎంచుకుని, రికార్డ్ నొక్కాడు. "నమస్కారం. ఈ పాఠంలో ఖాళీ వరసని తీసేయడం ఎలాగో చూద్దాం," అన్నాడు. ఖాళీ వరసని ఎంచుకున్నాడు, తీసేశాడు, కింది వరస పైకొచ్చింది. అంతే పాఠం. తిప్పి చూశాడు. అంచు నాలుగు వైపులా మెరూన్, ఉతికి ఆరేసిన చీరలా నిండుగా. ఒక్క తోక కూడా లేదు. మూలన ఉచిత ముద్ర భేషుగ్గా ఉంది.

వైర్ గుచ్చాడు. అప్‌లోడ్ నొక్కాడు. గీత పాకుతోంది. ఆ గీత చివరికి చేరేసరికి ఐదు కావస్తోంది.

వ్యూస్: సున్నా.

కింద ఎక్కడో వీధి తలుపు తెరుచుకుంది. బరువైన బూట్లు రెండు జతలు మెట్లెక్కడం మొదలెట్టాయి. ఒక అంతస్తు ఎక్కి ఆగాయి. ఎవరో రొప్పుతున్నారు.

వ్యూస్: సున్నా.

తన ఛానెల్ జనంలోకి వెళ్లకూడదని శాఖ అతనికి చెప్పిన మాట. ఆ ఒక్క విషయంలో అతను శాఖ అంచనాల్ని దాటిపోయాడు. ఎన్ని పాఠాలు చెప్పినా ఒక్కటే వ్యూ, ఒక్కటే లైక్. ఒక్కోసారి రాత్రి పడుకునేముందు, ఆ పిల్లకి నిజంగా గళ్లు కలపడం వచ్చిందో లేదో అని అనుకునేవాడు.

బూట్లు రెండో అంతస్తు దాటాయి.

వ్యూస్: ఒకటి.

లైక్ లేదు. చూస్తోంది. చూడు తల్లీ, చూసి నొక్కు. ఆ మాట పైకే అన్నాడు. పాఠాలూ ఫోన్లూ వదిలేస్తే, ఆ గదిలో "వచ్చేశా" కాకుండా అతను పైకి అన్న మొదటి మాట అదేనేమో.

తలుపు మీద దబదబా కొట్టారు.

లైక్: ఒకటి.

బాబాయ్ వీడియో డిలీట్ చేశాడు. మెట్ల మీద బూట్లు వినగానే ఎక్కించి దాచి ఉంచిన మధ్యాహ్నం చేపల వీడియోని దాని స్థానంలో బయటపెట్టాడు. నాలుగోసారి తలుపు కొట్టేలోపు తెరిచి, వాళ్లు నోరు విప్పకముందే అందుకున్నాడు.

"ఇదా మీరొచ్చే టైము? మధ్యాహ్నం ఫోన్ చేస్తే సాయంత్రానికి వస్తారా? ఆవిడెవరో గంటసేపు కబుర్లు చెప్పింది, ఒక్క చేప కదల్లేదు!"

ఇద్దరు. తెల్లకోటు అతను మేనకోడలి కోసం షాపులోనే ఉండిపోయాడు కాబట్టి, బాబాయ్ మొహం వీళ్లకి తెలీదు. ఒకడు లావుగా, రొప్పుతూ. ఇంకొకడు సన్నగా, చంక దగ్గర చొక్కా ఉబ్బుగా. చేతిలో టూల్‌బాక్స్ ఉంది గానీ, పట్టుకున్న తీరు చూస్తే అందులో స్క్రూడ్రైవర్ లేదని తెలుస్తూనే ఉంది.

"చూపించండి," అన్నాడు సన్నవాడు.

బాబాయ్ చూపించాడు. వాళ్లెదురుగా రికార్డ్ నొక్కాడు. వైర్ ఉన్న చోట వైర్ ఉంది కాబట్టి చేపలు ఠంచనుగా దిగి ఈదాయి. ఛానెల్ చూపించమంటే చూపించాడు. కొత్త వీడియోలోనూ అవే చేపలు. లావువాడు గది కలయజూశాడు. మంచం కిందకి వంగి చూసి, లేవడానికి కాస్త అవస్థపడ్డాడు.

"మాస్టారూ, ఒక్క మాట. జనమంతా ఈ చేపలు బాగున్నాయంటుంటే, మీకొక్కరికే ఇవాళే తీసేయాలని అంత పట్టుదలేంటి?" సన్నవాడి చెయ్యి నెమ్మదిగా చంక వైపు వెళ్లింది.

దీనికి బాబాయ్ దగ్గర సిద్ధంగా ఉన్న అబద్ధాలు చాలానే ఉన్నాయి. కళ్లు తిరుగుతాయని చెప్పొచ్చు, తలనొప్పని చెప్పొచ్చు. ఏదీ నోటికి రాలేదు. వచ్చింది ఇంకోటి.

"నా పాఠాలు చూసేది ఒక్క మనిషే," అన్నాడు. "కావాలంటే చూసుకోండి. ఈ చేపలదాన్ని వదిలేస్తే, ప్రతి వీడియోకీ ఒకటే వ్యూ. ఎవరో తెలీదు. ఎక్కడుంటుందో తెలీదు. ఏ పాఠం పెట్టినా చూస్తుంది, చూసి లైక్ కొడుతుంది. రోజంతా నాతో మాట్లాడేది అదొక్కటే. ఈ చేపల్ని చూసి విసుగొచ్చి ఆమె కూడా వెళ్లిపోతే..." కంచం పక్కకి జరిపాడు. "ఇంక ఎవరూ లేరు."

సన్నవాడు స్క్రీన్ మీద వీడియోల్ని కిందకి జరిపాడు. ఒకటి, ఒకటి, ఒకటి. ఇంకా కిందకి జరిపాడు. ఒకటి. లావువాడు సగం తిన్న కంచం వైపు చూశాడు, తర్వాత చొక్కాలు కూర్చున్న కుర్చీ వైపు. ఇద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సన్నవాడి చెయ్యి చంక దగ్గర్నుంచి కిందికి దిగింది.

ఆ ఉద్యోగంలో బాబాయ్ చాలా వేషాలు వేశాడు. గుమాస్తా, పూజారి, పెళ్లి ఫోటోగ్రాఫర్. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అనుమానించారు. ఈ ఒక్కటే ఎవరూ అనుమానించలేదు, ఇది వేషం కాదు కాబట్టి.

"కూర్చోండి," అన్నాడు ఉత్సాహంగా, చొక్కాలు మంచం మీదికి విసిరేస్తూ. "వచ్చారు కాబట్టి గళ్లు కలపడం చూపిస్తా. పది నిమిషాల్లో వచ్చేస్తుంది."

"వద్దు సార్, వేరే కాల్స్ ఉన్నాయి," అన్నాడు సన్నవాడు గబగబా లేస్తూ.

లావువాడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, మొహమాటంగా మెడ గోక్కుంటూ, "నేను సబ్‌స్క్రైబ్ చేస్తాలెండి" అన్నాడు. చేశాడు కూడా.

శనివారం పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏం బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"ఉంది పెద్దమ్మా. మేనకోడలు?"

"పుట్టింటికి చేరింది. నీ వీడియో చూసి వెనక వీధిలోంచి అటే రైలెక్కేసింది. దాని కళ్లజోడు మన దగ్గరే ఉంది. నిన్నట్నుంచీ ఆ ఇంటివాళ్ల మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఏం మాట్లాడుకుంటారో, అబ్బ! సగం ఒకళ్ల మీద ఒకళ్లు చాడీలే. తెల్లకోటు అతను షాపులో రాత్రిదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మనవాళ్లే వెళ్లి పట్టుకొచ్చారు."

"పెద్దాయన?"

"దొరికారు. మనవాళ్లే చూసుకున్నారు అన్నీ."

బాబాయ్ జోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ముక్కు దగ్గర బిగువుగానే ఉంది.

"ఇంకో సంగతి," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "ఆ ఫోన్లో మాట్లాడినావిడ మన మనిషే. తోటికోడలు. నీకు చెప్పకూడదు, చెబుతున్నా. మేనకోడలు తప్పించుకునేసరికి, కస్టమర్లలో ఎవరికో లోపలివాళ్లే ఉప్పందించారని వాళ్లకి అనుమానమొచ్చింది. ఆవేళ ఫోన్లు మాట్లాడినవాళ్లందరి మీదా నిఘా. ఆమె నీతో మరీ మెత్తగా మాట్లాడిందని గొణుక్కుంటున్నారు. నీ మీద మాత్రం ఏ అనుమానమూ లేదు. పాపం పిచ్చి మాస్టారు అనుకుంటున్నారు."

"ఆమెని బయటికి తీసుకొచ్చేయొచ్చుగా?"

"రానంటోంది. పని ఇంకా ఉందంట."

"అసలు పేరేంటి?"

"నీ అసలు పేరు చెప్పు, ఆమెది చెబుతా."

బాబాయ్ నోరు తెరిచాడు. ఏళ్లుగా వాడని మాట కదా, వెంటనే నాలుకకి అందలేదు. అందేలోపు పెద్దమ్మ, "వేళకి తింటూ ఉండు" అని పెట్టేసింది. అది ఫోన్ ముగించే కోడ్. ప్రతి శనివారం అదే మాట అంటుంది.

ఆ మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరుతో, లోపల కూర్చున్న ముఠా నుంచి. మా సేవ మీకు నచ్చిందా? మీతో మాట్లాడిన మా ప్రతినిధికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? మీ అభిప్రాయం ఆమె పై అధికారికి చేరుతుంది.

బాబాయ్ దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె నవ్వు గుర్తొచ్చింది. నెమ్మదిగా సార్, ఎవరూ తరమట్లేదు. నాకూ అంతే సార్. ఐదు నక్షత్రాలు ఇవ్వాలని వేలు దానంతటదే ఐదో నక్షత్రం మీదికి వెళ్లింది. ఆకాశంలో ఉన్నవి కూడా కోసిచ్చేవాడు. ఇస్తే ఆమెని ఆ రాత్రే చంపేస్తారు.

ఒక్క నక్షత్రం నొక్కాడు. కింద పెట్టెలో ఇలా రాశాడు:

"ఇంత చేతకాని మనిషిని నేను చూడలేదు. ముత్యాలు పెట్టుకుని కూర్చుంటే సరిపోదు, పని రావాలి. గంటసేపు నా టైం తినేసింది. నేను అడిగిందొకటి, ఆవిడ చెప్పిందొకటి. పైగా భోంచేశారా అని అడుగుతుంది, మనకెందుకండీ అవన్నీ? చేపలు అలాగే ఉన్నాయి. మళ్లీ జన్మలో ఈ గొంతు నాకు వినిపించకుండా చూడండి."

చదువుకున్నాడు. చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాడు. దాన్ని తీసేస్తే, మళ్లీ ఎప్పుడైనా బటన్ నొక్కినప్పుడు ఆమే పలకొచ్చు. తీసేస్తే మిగతాదంతా అంత గట్టిగా ఉండదు.

తీయలేదు. పంపేశాడు.

జీవితంలో ఒక ఆడమనిషి గురించి అతను మనసుపెట్టి రాసిన ఉత్తరం అదొక్కటే. దానికి కూడా ఓ కాపీ ఆమె మేనేజర్‌కి వెళ్లింది.